ఈ యేడు మేము చదివిన పుస్తకాలు

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ యేడు చదివిన పుస్తకాల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గంవారు మమ్మల్ని కోరారు. మేము పండితులం కాము. నేటాల్ చెరకుతోటలకు వెళ్ళిన కుటుంబంలో మూడో తరంవాళ్ళం. బడిపంతులు ఉద్యోగం చేసినవాళ్ళం. మా తెలుగు సాయంత్రపు బడిలో నేర్చుకున్న తెలుగు. పగలంతా ఇంగ్లీషు, దీపాలు పెట్టే వేళకు ఒక గంటసేపు గుణింతాలు. ఆ చదువుతో తెలుగు పుస్తకం పట్టుకుంటే పక్కన నిఘంటువు ఉండవలసిందే. అయినా చదవడం మానలేదు. ఈ సభలో మావంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. నేటాల్‌నుంచి, మారిషస్‌నుంచి, మలేషియానుంచి వచ్చి ఐర్లండులో స్థిరపడినవారున్నారు. పేరులో తెలుగు ఉంది, పూజలో తెలుగు ఉంది, చదువులో లేదు. అందుకే ఈ మాటలు ముఖ్యంగా వారికోసం.

మొదటిది చరిత్ర గ్రంథం. అశ్విన్ దేశాయి, గూలం వాహెద్ అనే ఇద్దరు కలిసి వ్రాసిన ‘ఇన్‌సైడ్ ఇండియన్ ఇండెంచర్’. ఇది 2010లో వెలువడింది. 1860 నవంబరు 16న మద్రాసునుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ డర్బను రేవు చేరింది. అప్పటినుంచి 1911 వరకు ఒప్పంద కూలీలుగా నేటాల్ చేరినవారు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడ ఎక్కినవారే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల మనవాళ్ళు అందులో ఉన్నారు. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు ఓడ జాబితాలో వ్రాసుకున్నారు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా వ్రాశాడు. అప్పలస్వామి ‘అపల్‌సామి’ అయ్యాడు, నాయుడు ‘నైడూ’ అయ్యాడు. నేటికీ ఆ పేర్లతోనే మనవాళ్ళు ఓటు వేస్తున్నారు, పెళ్ళి శుభలేఖలు అచ్చు వేయిస్తున్నారు.

ఈ పుస్తకంలో మాకు నచ్చిన గుణం ఏమిటంటే, కూలీలను గుంపుగా చూడలేదు. ఒక్కొక్క మనిషిని నంబరు చాటునుంచి బయటికి తెచ్చారు. ఎవరు పారిపోయారు, ఎవరు కోర్టుకెక్కారు, ఎవరు భూమి కొన్నారు, ఎవరు తిరిగి ఇంటికి వెళ్ళారు, అన్నీ వ్రాశారు. కష్టాలు మాత్రమే వ్రాసి ఏడిపించడం సులువు. ఆ కష్టాలమధ్య మనుషులు గుడి ఎలా కట్టుకున్నారు, పండుగ ఎలా చేసుకున్నారు అని చెప్పడం కష్టం. ఆ పని ఇందులో జరిగింది. మారిషస్ కుటుంబాలవారు చదివినా ఇందులో తమ తాతలను గుర్తుపడతారు. అక్కడా, బర్మాలోనూ మనవాళ్ళను గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరుతోనే పిలిచేవారు కదా. ఊరి పేరు పోయినా రేవు పేరు మిగిలింది.

రెండవది ఆత్మకథ. వరాహగిరి వేంకటగిరిగారి ‘మై లైఫ్ అండ్ టైమ్స్’, 1976లో వచ్చింది. గిరిగారు 1969నుంచి 1974వరకు భారత రాష్ట్రపతి అని అందరికీ తెలుసు. ఆయన బరంపురంలో తెలుగు ఇంట పుట్టి, 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వచ్చారని మన పిల్లలలో ఎందరికి తెలుసు? ఆయన యూనివర్సిటీ కాలేజీలో చదివారు. అక్కడ ఇంగ్లీషు సాహిత్యం బోధించిన థామస్ మెక్‌డోనా 1916 ఈస్టరు తిరుగుబాటు నాయకులలో ఒకరు; ఆ సంవత్సరమే మే 3న ఆయనను కాల్చి చంపారు. తిరుగుబాటు అణగిన తరువాత గిరిగారికి దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. 1916లోనే ఆయన ఐర్లండు వదిలి వెళ్ళారు.

ఇవన్నీ చరిత్ర పుస్తకాలలో ఉన్నవే. మమ్మల్ని నిలబెట్టిన సంగతి వేరొకటి. డబ్లిన్‌లో ఉండగా గిరిగారు తోటి భారతీయ విద్యార్థులతో కలిసి, దక్షిణాఫ్రికాలో భారతీయులమీద జరుగుతున్న అత్యాచారాల గురించి ఒక కరపత్రం తయారుచేశారు. అది పోలీసుల చేతిలో పడి విద్యార్థులమీద నిఘా పెరిగింది. 1913లో నేటాల్‌లో మూడు పౌన్ల తలపన్నుకు వ్యతిరేకంగా వేలమంది కూలీలు పనిమాని నడిచారు. ఆ కూలీలలో చదువు రానివారే ఎక్కువ. వారి గోడు వ్రాసినవారిలో ఒక తెలుగు విద్యార్థి ఈ ఊళ్ళో ఉన్నాడు. మనం ఐర్లండుకు రాకముందే మన తాతల సంగతి ఐర్లండుకు వచ్చిందన్నమాట. ఆత్మకథ మొత్తంమీద కార్మిక సంఘాల సంగతులు, ప్రభుత్వ వ్యవహారాలు ఎక్కువ. కథలాగా సాగదు. కాని డబ్లిన్ రోజుల భాగం ఈ దేశంలోని ప్రతి తెలుగు ఇంట్లో చదవదగ్గది.

గిరిగారి ప్రయాణం చదివాక, అదే దారిలో వెళ్ళిన మరొక మనిషిని కలవాలనిపించింది. ఆయన కల్పిత మనిషి. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టరు పార్వతీశం’ మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరునుంచి ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, రైలెక్కి, ఓడెక్కి సీమకు పోయిన పార్వతీశం దారిపొడవునా పడిన పాట్లు ఇప్పటికీ కడుపుబ్బ నవ్విస్తాయి. దొరసానులు పెట్టుకునే టోపీ కొని తను పెట్టుకున్న ఘట్టం చదువుతుంటే మా ఇంట్లో చిన్నవాళ్ళు మాకంటే ముందే నవ్వారు. వారికి సగం మాటలు తెలియవు. అయినా నవ్వు తెలిసింది. తెలుగు కొత్తగా చదివేవారికి మేము మొట్టమొదట ఇచ్చే పుస్తకం ఇదే. గోదావరి జిల్లా మాట ఎలా ఉంటుందో దీనికంటే బాగా చెప్పే పాఠ్యపుస్తకం మేము చూడలేదు. కొత్త దేశంలో ఏ మర్యాదా తెలియక బిక్కుబిక్కుమన్న మనిషిని మన కుటుంబాలన్నీ ఎరుగును. మన తాతలకు ఆ నవ్వు నవ్వుకునే తీరిక లేదు. పార్వతీశం పుణ్యమా అని మనకు దొరికింది.

నాలుగవది ఇక్కడినుంచి అక్కడికి వెళ్ళినవారి కథ. జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ దంపతులు కలిసి వ్రాసిన ‘వుయ్ టూ టుగెదర్’, 1950లో మద్రాసులో అచ్చయింది. జేమ్స్ కజిన్స్ బెల్‌ఫాస్టులో, మార్గరెట్ రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ ఊళ్ళో పుట్టారు. స్త్రీల ఓటుహక్కుకోసం ఆమె జైలుకు వెళ్ళారు. 1915లో ఇద్దరూ భారతదేశం చేరారు. తరువాత మదనపల్లె కాలేజీలో జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాలుగా పనిచేశారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు మదనపల్లె వచ్చి వారి అతిథిగా ఉన్నప్పుడు ‘జనగణమన’ పాడి వినిపించారు. దాన్ని ఆయన ఇంగ్లీషులోకి అక్కడే అనువదించారు. సంగీతంలో పట్టం పొందిన మార్గరెట్ ఆ పాటకు స్వరాలు వ్రాసిపెట్టారు. రాయలసీమలోని ఒక చిన్న ఊళ్ళో బెంగాలీ కవి పాటను ఐరిష్ వనిత కాగితంమీద పెట్టిందంటే ఆశ్చర్యంగా లేదా? ఒక సంగతి భర్త చెబితే, మరొక సంగతి భార్య చెప్పే ఈ పద్ధతి మాకు ఎంతో ముచ్చటగా తోచింది. దివ్యజ్ఞాన విషయాలు వచ్చినచోట మాత్రం పేజీలు త్వరగా తిప్పాము.

ఐదవది వ్యాకరణం. వ్యాకరణం కూడా చదువుతారా అని నవ్వకండి. బిషప్ కాల్డ్‌వెల్ వ్రాసిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం 1856లో వెలువడింది. ఈ కాల్డ్‌వెల్ 1814లో ఆంట్రిమ్ కౌంటీలోని క్లేడీ గ్రామంలో పుట్టినవాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబం అన్న మాట మొదట పలికినవాడు ఆయన కాదు. 1816లోనే ఎల్లిస్ అనే మద్రాసు ఉద్యోగి ఆ సంగతి చెప్పాడు. దాన్ని ఇంత వివరంగా నిలబెట్టినవాడు మాత్రం కాల్డ్‌వెలే. మా నాయనమ్మ బియ్యం కొలుస్తూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేది. పక్కింటి తమిళ అవ్వ ఒన్ఱు, ఇరండు, మూన్ఱు అనేది. కన్నడంవారు ఒందు, ఎరడు, మూరు అంటారు. ఆ ఇద్దరు ముసలమ్మలు ఒకరి మాట ఒకరికి ఎలా అర్థమయ్యేదో ఈ గ్రంథం చదివాక తెలిసింది. దీన్ని మొదటినుంచి చివరిదాకా చదవనక్కరలేదు. అంకెలు, సర్వనామాలు ఉన్న ప్రకరణాలు చూస్తే చాలు.

ఆరవది నవల. నవీన్‌గారి ‘అంపశయ్య’, 1969లో వచ్చింది. ఈ నవల ఆయన ఇంటిపేరైపోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రవి అనే పేద విద్యార్థి గడిపిన ఒక్క రోజు ఇందులో కథ. మనస్సులో మెదిలే ఆలోచన ఎలా వస్తే అలా వ్రాసే ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు మన డబ్లిన్ రచయిత జేమ్స్ జాయిస్. ఆయన 1922లో అచ్చయిన ‘యులిసెస్’‌లో 1904 జూన్ 16 అనే ఒక్క రోజును వ్రాశారు. ఆ పుస్తకంలోని వీధులలో మేము ప్రతిరోజూ నడిచినా, ఆ పుస్తకం మాకు పూర్తిగా లొంగలేదు. చిత్రమేమిటంటే, నిఘంటువు పెట్టుకుని రెండు నెలలు చదివిన ‘అంపశయ్య’ లొంగింది. ఫీజు కట్టలేని కుర్రవాడి బెంగ, ఇంటినుంచి రావలసిన డబ్బుకోసం ఎదురుచూపు మాకు తెలిసినవి. బడిలో ముప్ఫై ఏళ్ళు అటువంటి ముఖాలు చూశాము. హైదరాబాదు హాస్టలు గదిలోని పిల్లవాడిని అర్థం చేసుకోవడానికి వ్యాకరణం అంతా రానవసరం లేదు.

చివరిది ఒక జాలరి పుస్తకం. కెర్రీ తీరానికి అవతల గ్రేట్ బ్లాస్కెట్ దీవి ఉంది. అక్కడి తోమాస్ ఓ క్రోహన్ తన జీవితాన్ని ఐరిష్ భాషలో వ్రాశాడు. 1929లో అచ్చయిన ఆ పుస్తకం పేరుకు ‘దీవిమనిషి’ అని అర్థం. 1934లో ఇంగ్లీషులోకి వచ్చింది. మేము చదివింది ఇంగ్లీషు అనువాదమే. ఆయన పుట్టింది, పెరిగింది ఐరిష్ భాషలోనే. అయినా ఆ భాష చదవడం, వ్రాయడం నడివయస్సులోనే నేర్చుకున్నాడు. బడిలో చెప్పింది ఇంగ్లీషు మరి. కిల్లార్నీనుంచి వచ్చిన ఒక మిత్రుడు ఆయనకు గోర్కీ రచనలు చదివి వినిపించి, నీవంటివాడి బతుకు కూడా పుస్తకమవుతుంది అని ధైర్యం చెప్పాడు. గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజుగారి తెలుగులో చదివినవారు ఈ సభలో ఉంటారు. ఆ రష్యా రచయితే బ్లాస్కెట్ జాలరిచేత కలం పట్టించాడు. 1953లో ప్రభుత్వం ఆ దీవిలో మిగిలినవారిని ఒడ్డుకు తరలించింది. దీవి ఖాళీ అయింది. అక్కడి చేపలవేట, పెళ్ళిళ్ళు, తగాదాలు, చావులు పుస్తకంలో ఉన్నాయి.

ఇక్కడ ఒక లెక్క చెప్పి ముగిస్తాము. 2022 జనాభా లెక్కలలో ఐరిష్ మాట్లాడగలమని చెప్పినవారు 18 లక్షల 73 వేలకు పైన. బడి బయట ప్రతిరోజూ మాట్లాడేవారు 72 వేలకు కొంచెం తక్కువ. ఈ దేశంలో ఐరిష్ రాజభాష, బడిలో పాఠం, రోడ్డు పలకలమీద ముందు కనిపించే భాష. అన్ని అండలున్న భాషకే ఇట్లా ఉంటే, ఏ అండా లేని మన తెలుగు సంగతి ఆలోచించండి. బడి భాషను గుమ్మందాకా తెస్తుంది. లోపలికి పిలవవలసింది ఇంటివారు. నేటాల్‌లో రెండు మూడు తరాలలో తెలుగు మాట ఇళ్ళలోనుంచి జారిపోయింది. భజనపాటలు మిగిలాయి, అవీ చాలా ఇళ్ళలో ఇంగ్లీషు అక్షరాలతో వ్రాసుకున్న నోటుబుక్కులలో. పాడేవారికి రాగం వచ్చు, అర్థం రాదు. ఆ నోటుబుక్కులను మేము తక్కువచేయడం లేదు. అవి లేకపోతే ఆ పాటలు కూడా ఉండేవి కావు. కాని వాటితో ఆగిపోతే మన తరువాతివారికి రాగం కూడా మిగలదని మా భయం.

తెలుగు బాగా వచ్చాక చదువుదాములే అని చాలామంది అంటారు. అట్లా అనుకున్నవారెవరూ పుస్తకం తెరవడం మేము చూడలేదు. జాలరి తోమాస్ నడివయస్సులో అక్షరాలు పట్టాడు. మనకేమి అడ్డం? మేము కోరేది చిన్న పని. ప్రతి ఇంట్లో వారానికి ఒక్క తెలుగు పేజీ పైకి చదవండి. అక్షరాలు వచ్చిన చిన్నవారు చదవాలి, మాట తెలిసిన పెద్దవారు అర్థం చెప్పాలి. హైదరాబాదునుంచి, విజయవాడనుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలవారు మా ఇళ్ళ పిల్లలకు ఒక గంట ఇవ్వాలి. మేము వారికి ఈ దేశపు సంగతులు చెబుతాము. ఇంగ్లీషు పుస్తకాలకు మన ఊరి గ్రంథాలయాలున్నాయి. సభ్యత్వానికి డబ్బు లేదు, 2019నుంచి ఆలస్యానికి జుల్మానా కూడా లేదు. తెలుగు పుస్తకాలను మాత్రం మనమే ఒకరికొకరం ఇచ్చుకోవాలి. వచ్చే ఉత్సవానికి ప్రతి కుటుంబం తినుబండారాలతోపాటు ఒక తెలుగు పుస్తకం కూడా తెస్తే ఒక బల్ల నిండుతుంది. ఆ బల్ల దగ్గర కూర్చుని, తీసుకున్నవారి పేర్లు వ్రాసుకునే పని మేము చేస్తాము.