ఆటలో కంపెనీ, ఇంట్లో మగ్గం
(హిందూపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బెంగుళూరు నుంచి గుంతకల్లు వైపు పోయే రైలెక్కితే ముందు హిందూపురం, తర్వాత పెనుకొండ, ఆ తర్వాత ధర్మవరం వస్తాయి. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ వుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ ఉత్పత్తి మొదలుపెట్టింది. ధర్మవరంలో పట్టుచీరల మగ్గాలున్నాయి. ఇక్కడ పొద్దున లేస్తే సరుకు, కూలి, ధర, అప్పు అనే మాటలే వినిపిస్తాయి. అయినా మగ్గమున్న ఇంటి ఆడపిల్లని పట్టుకుని "మీ ఇంట్లో నేసిన చీర ధర ఎవరు నిర్ణయిస్తారు?" అని అడిగితే, "షావుకారు" అంటుంది. "నువ్వెందుకు నిర్ణయించకూడదు?" అంటే నవ్వుతుంది. ఆ నవ్వు గురించే నేనీ రోజు మాట్లాడదలచుకున్నాను.

హైస్కూలు పిల్లలకు కంప్యూటర్ మీద వ్యాపారం నేర్పే పోటీలు చాలా దేశాల్లో జరుగుతున్నాయి. 1919లో అమెరికాలో పుట్టిన జూనియర్ అచీవ్‌మెంట్ అనే సంస్థ ఇలాంటి ఆటల్ని ఏళ్ల తరబడి బళ్లలో ఆడిస్తోంది. పిల్లలు జట్లుగా విడిపోయి తలా ఒక ఊహా కంపెనీ నడుపుతారు. సరుకు ఎంత తయారుచెయ్యాలి, ఏ ధరకు అమ్మాలి, ప్రచారానికెంత, యంత్రాలకెంత, పరిశోధనకెంత అని ప్రతి విడతకీ నిర్ణయాలు తీసుకుంటారు. అన్ని జట్ల నిర్ణయాలనూ కంప్యూటర్ కలిపి లెక్కకట్టి ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని చూపిస్తుంది. నష్టమొస్తే కారణం వెతుక్కుని మళ్లీ ఆడతారు. అసలు వ్యాపారంలో మునిగితే ఇల్లు పోతుంది, ఇక్కడైతే ఒక విడత మాత్రమే పోతుంది. ఈ పద్ధతిలోని మేలు అదే.

ఇదంతా మగవాళ్లు, అందులోనూ పెద్ద కంపెనీలవాళ్లు కనిపెట్టిన విద్య అనుకుంటాం. కాదు. 1932లో లెనిన్‌గ్రాడ్‌లో మేరీ బిర్ష్‌టైన్ అనే ఆమె టైప్‌రైటర్ల ఫ్యాక్టరీ కోసం ఉత్పత్తి సమస్యల మీద ఒక ఆట తయారుచేసింది. ఇలాంటి ఆటల్లో మొదటిదిగా చరిత్రకారులు దాన్నే చెబుతారు. అంతకు ముందే, 1904లో, అమెరికాలో ఎలిజబెత్ మేగీ అనే ఆమె ఒక బల్లాట మీద పేటెంటు తీసుకుంది. భూమి కొద్దిమంది చేతుల్లో పడితే అద్దెలు కట్టేవాళ్లు ఎలా చితికిపోతారో పిల్లలకు కూడా అర్థం కావాలన్నది ఆమె ఉద్దేశం. 1935లో ఒక కంపెనీ ఆమె పేటెంటును 500 డాలర్లకు కొని, అప్పటికే ఒక మగవాడి పేరుమీద వచ్చిన మోనోపలీ ఆటను ప్రపంచమంతా అమ్ముకుంది. మన పిల్లలు సెలవుల్లో బొంబాయి, ఢిల్లీ కొనుక్కుంటూ ఆడే 'బిజినెస్' ఆట ఆ కోవలోదే. దోపిడీ ఎట్లా జరుగుతుందో చూపడానికి ఒక స్త్రీ కల్పించిన ఆట చివరికి అందరినీ దివాలా తీయించినవాడే గెలిచే ఆటగా మిగిలింది. ఆట నియమాలు ఎవరు రాస్తారన్నది చిన్న విషయం కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ధర్మవరంలో కొందరు తొమ్మిదో తరగతి పిల్లలతో మేము ఇలాంటి ఆట ఆడించినప్పుడు ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది. "అక్కా, కండెలు చుట్టేవాళ్ల కూలి ఇందులో ఎక్కడ రాయాలి?" అంది. తెర మీద ముడిసరుకుకి గడి వుంది, యంత్రానికి వుంది, ప్రచారానికి వుంది. ఇంట్లో అమ్మ చుట్టే కండెకి, అతికే పడుగు పోగుకి గడి లేదు. నా దగ్గర జవాబూ లేదు. మర్నాడు మేమే కాగితం మీద ఒక ఆట రాసుకున్నాం.

ఆ లెక్క మీకూ చెబుతాను. అంకెలు కేవలం లెక్క కోసం అనుకున్నవి. ఒక చీరకి కూలి 6,000 రూపాయలు, నేతకు 10 రోజులు అనుకుందాం. నాన్న రోజుకు 8 గంటలు మగ్గం మీద కూర్చుంటే మొత్తం 80 గంటలు. గంటకు 75 రూపాయలు పడింది. ఫరవాలేదనిపిస్తుంది. ఇప్పుడు అమ్మ రోజుకు 4 గంటల పని, బడి నుంచి వచ్చాక కూతురి గంట పని కలపండి. 130 గంటలవుతుంది. గంటకు 46 రూపాయలే పడింది. చీర అదే, డబ్బూ అదే. ఇద్దరు ఆడవాళ్ల శ్రమను లెక్కలో రాసేసరికి గిట్టుబాటు అనుకున్నది గిట్టుబాటు కాకుండా పోయింది. స్త్రీల శ్రమ కనిపించకుండా పోతోందని మనం సభల్లో ఎన్నోసార్లు అన్నాం. ఆ పిల్లలు దాన్ని భాగహారం చేసి చూపించారు.

అప్పు సంగతీ ఇంతే. మన జిల్లాలో డ్వాక్రా సంఘాల్లో లేని వీధి అరుదు. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయని గగ్గోలు పుట్టి, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ అప్పు కాగితాల మీద వేలిముద్ర వేసినవాళ్లు, సంతకం చేసినవాళ్లు మన అక్కచెల్లెళ్లే. 10,000 రూపాయలు రూపాయి వడ్డీకి, అంటే ఏడాదికి 12 శాతానికి తీసుకుని 12 సమాన వాయిదాల్లో కట్టాలనుకోండి. మొత్తం అసలు మీద వడ్డీ వేస్తే 1,200 అవుతుంది. కానీ అసలు నెలనెలా తగ్గుతోంది కదా! మన చేతిలో వున్న డబ్బు మీద చూస్తే ఆ వడ్డీ ఏడాదికి 21 శాతం దాటుతుంది. పదో తరగతి గణితం చాలు ఇది తెలుసుకోవడానికి. చదివిన కూతురు ఈ లెక్క వేసి తల్లికి చెప్పగలిగితే అంతకన్నా పెద్ద వ్యాపార విద్య ఏముంది?

మనలో కొందరికి ఒక అభ్యంతరం వుంది. "పిల్లలకు లాభాపేక్ష నేర్పడమేమిటి? మనం బాలకార్మిక వ్యవస్థకు వ్యతిరేకంగా పనిచేసేవాళ్లం కదా?" అంటారు. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, 14 ఏళ్లలోపు పిల్లలు బడివేళల తర్వాతా సెలవుల్లోనూ ప్రమాదకరం కాని కుటుంబ పనుల్లో సాయం చెయ్యొచ్చని మినహాయింపు పెట్టారు. ఆ సందులోంచి ముందుగా పనిలోకి జారేది ఆడపిల్లే. కాబట్టి వ్యాపార విద్య పేరుతో పిల్లలచేత సరుకు అమ్మించడం, డబ్బు సంపాదించమనడం మనకొద్దు. ఆట ఆటగానే వుండాలి. కానీ పని చేస్తున్న పిల్లకి ఆ పని విలువ తెలియకుండా వుంచడం రక్షణ కాదు. తన గంటకి ధర కట్టిన పిల్ల "నా చదువు గంట ఎందుకు పోవాలి?" అని అడుగుతుంది.

రెండో అడ్డంకి యంత్రం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. అదే సర్వేలో, 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు 29.3 శాతం. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆన్‌లైన్ పోటీ అని ప్రకటిస్తే ముందు ఎవరొస్తారు? ఇంట్లో ఫోను అన్న చేతిలో వుంటుంది. బడిలో కంప్యూటర్ ముందు మగపిల్లాడు కూర్చుంటాడు, ఆడపిల్ల పక్కన నిలబడి అంకెలు రాసిపెడుతుంది. గెలిచాక బహుమతి మాత్రం జట్టుకి! అందుకని పోటీ ఎక్కడ జరిగినా మనం పట్టుబట్టాల్సినవి కొన్ని వున్నాయి. మీట నొక్కే వంతు ప్రతి విడతకీ మారాలి. ఆట తెలుగులో వుండాలి. బడివేళల్లోనే జరగాలి, సాయంత్రమైతే ఆడపిల్లని పంపరు. యంత్రం లేనిచోట నాలుగు జట్లు, నాలుగు చీటీలు, ఒక నల్లబల్ల చాలు. ధర, ఉత్పత్తి, కూలి చీటీలో రాసి ఇస్తే టీచరే లెక్కకట్టి బల్ల మీద వేస్తుంది. కూలి గడిలో ఇంటి ఆడవాళ్ల గంటలు రాయని జట్టుకి ఆ విడత మార్కులుండవు. ఈ నియమం మనది.

ఆట ముగిశాక చట్టం గురించి ఒక పాఠం చెప్పాలి. 18 ఏళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 నాటి ఒప్పందాల చట్టం చెబుతోంది. కానీ పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవడానికి బ్యాంకులు అనుమతించవచ్చని 2014లో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇక వ్యాపారానికి పెట్టుబడి కావాలి, పెట్టుబడికి హామీ కావాలి, హామీకి ఆస్తి కావాలి. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, అయితే అప్పటికి పెళ్లయినవాళ్లకి వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టం ఆ అడ్డు తీసేసింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మరి మన ఇళ్లలో మగ్గం ఎవరి పేరున వుంది? ఇంటి పట్టా ఎవరి పేరున వుంది? ఆటలో కంపెనీ నడిపిన అమ్మాయికి అసలు జీవితంలో తాకట్టు పెట్టడానికి పుస్తెలతాడు తప్ప మరేమీ లేకపోతే ఆ చదువు సగమే.

మిత్రులారా, ప్రతి ఆడపిల్లా వ్యాపారి కావాలని నేననడం లేదు. కొందరు ఫ్యాక్టరీకి వెళతారు, కొందరు టీచర్లవుతారు, కొందరు మగ్గం మీదే వుంటారు. ఎక్కడున్నా తన పనికి ధర ఎవరు కడుతున్నారో, ఏ లెక్కన కడుతున్నారో అడగగలగాలి. వచ్చే నెల మీరు మీ వూరి హైస్కూలుకి వెళ్లినప్పుడు హెడ్మాస్టరుగారిని రెండు పీరియడ్లు అడగండి. నాలుగు చీటీలు పట్టుకెళ్లండి. మొదటి ప్రశ్న ఆ ధర్మవరం అమ్మాయిదే అడగండి: కండెలు చుట్టేవాళ్ల కూలి ఎక్కడ రాయాలి?