ఒత్తిడి గదిలో ప్రాణవాయువు
(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట రోగముల మాట యెందుకని కొందరికి తోచవచ్చును. పచ్చడిలో వేపపువ్వుకు చోటున్నది గనుక, ఈ నాలుగు మాటలకు కూడ సభలో చోటుండునని మా నమ్మకము. మేము వైద్యులము కాము. తెలిసికొన్నంతవరకు తేటగా చెప్పుటయే మా పని.

మన బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. ఆనాడు లోపలికి దిగినవారు నేడు వయసు మీరినవారు. వారిలో మధుమేహము గలవారున్నారు, కాలిపుండు నెలల తరబడి మానక కాలు తీసివేయుదురేమోనని భయపడువారున్నారు. అట్టివారికి కొందరు వైద్యులు ‘హైపర్‌బారిక్ ఆక్సిజన్’ అను చికిత్స చెప్పుచున్నారు. పేరు వినగానే ఇంటిల్లిపాదికి కంగారు. గొట్టములో పెట్టి మూత వేయుదురట అని ఒకరు, అన్ని రోగములును పోవునట అని మరొకరు. భయమును, దురాశయు రెండును రోగికి మేలు చేయవు.

ఇంతకు ఆ చికిత్స ఏమి? బిగువైన గదిలో గాలి ఒత్తిడిని మామూలుకన్న రెండు, రెండున్నర రెట్లు పెంచి, రోగిచేత శుద్ధమైన ప్రాణవాయువును పీల్పించుట. మామూలుగా ప్రాణవాయువును రక్తములోని ఎర్రకణములే మోయును. ఒత్తిడి పెరిగినప్పుడు అది రక్తపు నీటిభాగములో కూడ కరగును. మామూలు గాలిలో 100 మిల్లీలీటర్ల రక్తములో 0.3 మిల్లీలీటరు మాత్రమే అట్లు కరగియుండగా, మూడు రెట్ల ఒత్తిడిలో అది 6 మిల్లీలీటర్ల వరకు చేరును. 1960లో ఆంస్టర్‌డాం నగరమునందు బోరెమా అను శస్త్రవైద్యుడు పందిపిల్లలలో ఎర్రకణములు దాదాపు లేకుండ చేసి, ఇట్టి గదిలో వాటిని బ్రతికించి చూపెను.

ఇక రోగికి జరుగునదేమి? మొదట వైద్యుడు చెవులను, ఊపిరితిత్తులను పరీక్షించి, చక్కెర చూచును. గదిలోనికి నూలుబట్టలతోనే పోవలెను. తలనూనె, అత్తరు, అగ్గిపెట్టె, సెల్‌ఫోను, చెవిమిషను ఏవియు కూడదు. ప్రాణవాయువు నిండిన చోట చిన్న నిప్పురవ్వయు పెద్ద మంటయగును. ఇది చాదస్తము కాదు, ప్రాణరక్షణ.

కొన్ని గదులు ఒక్కరు పరుండుటకు, కొన్ని పలువురు కూర్చుండుటకు ఉండును. తలుపు మూసిన పిమ్మట పది పదిహేను నిమిషములు ఒత్తిడి పెరుగును. అప్పుడు చెవులు దిబ్బడ వేయును. కేజీలో గని అడుగుకు దిగిన మన పెద్దలకు ఈ అనుభవము క్రొత్త కాదు. గుటక వేయవలెను, ఆవులించవలెను, లేదా ముక్కు మూసి మెల్లగా ఊదవలెను. నొప్పి పుట్టినచో ఓర్చుకొనక వెంటనే చెప్పవలెను. వారు ఒత్తిడి ఆపుదురు. లోపల కొంచెము వెచ్చగా ఉండును. తరువాత గంట, గంటన్నర ఊరక ఊపిరి పీల్చుటయే పని. బయటివారు చూచుచునే ఉందురు, మాటాడవచ్చును. ఒత్తిడి తగ్గించునపుడు చల్లబడును, ఒక్కొక్కప్పుడు మంచు పట్టినట్లుండును.

కాలిపుండుకు వారమునకు ఐదు రోజుల చొప్పున 20 నుండి 40 సార్లు పోవలసి రావచ్చును. మారికుప్పమునుండి బెంగుళూరుకు రైలున్నది గాని, పుండుకాలితో రోజూ రాకపోకలు సులభము కావు. ఖర్చు ఎంత, బస ఎక్కడ, తోడు ఎవరు అన్నది ముందే లెక్కవేసికొనుడు.

కీడులను కూడ చెప్పుట ధర్మము. చెవినొప్పి సాధారణము. కొన్ని వారములు దూరపుచూపు మసకబారి, తరువాత సరికావచ్చును. మధుమేహులకు చక్కెర తగ్గవచ్చును గనుక ఏమియు తినక పోరాదు. మూర్ఛ అరుదుగా వచ్చును. ఊపిరితిత్తి చుట్టు గాలి చేరియున్నచో ముందు దానికి చికిత్స కావలెను. కనుక గనిలో రాతిధూళి పీల్చినవారు, సిలికోసిస్ ఉన్నవారు ఆ మాటను దాచక చెప్పి, రొమ్ము ఎక్స్‌రే చూపవలెను. ఇది మన ఊరివారికి ముఖ్యము.

సిలికోసిస్‌ను ఈ చికిత్స నయము చేయదు. ధూళివలన ఏర్పడిన మచ్చ ఊపిరితిత్తిలో నిలిచిపోవును. కొందరు మెత్తని సంచి వంటి గదులను అమ్మి, 1.3 రెట్ల ఒత్తిడియే సర్వరోగనివారిణి అందురు. మూడు కిలోమీటర్లకు పైగా లోతైన చాంపియన్ రీఫ్ గని అడుగున గాలి ఒత్తిడి దాదాపు అంతే. అచ్చట యేండ్ల తరబడి పనిచేసిన మనవారికి ఆ ఒత్తిడి ఏ రోగమును మాన్పలేదు.

మరి ఎవరికి మేలు? సముద్రములో మునిగి త్వరగా పైకివచ్చిన వారికి, రక్తనాళములో గాలిబుడగ చేరినవారికి, కుళ్లు రోగమగు గ్యాస్ గాంగ్రీన్‌కు, కార్బన్ మోనాక్సైడ్ పొగకు ఇది పనికివచ్చును. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించువారికి ఈ పొగ పట్టును. మామూలు గాలిలో ఆ విషము సగమగుటకు నాలుగైదు గంటలు, శుద్ధ ప్రాణవాయువుతో గంటన్నర, మూడు రెట్ల ఒత్తిడిలో ఇంచుమించు ఇరువది నిమిషములు పట్టును. అట్టి సమయమున గదిని వెదకుచు కూర్చుండక, రోగిని బయటి గాలికి తెచ్చి, దగ్గరి ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టించవలెను.

మధుమేహపు కాలిపుండు విషయమున పరిశోధనల ఫలితములన్నియు ఒక్క తీరుగ లేవు. కొందరికి కాలు దక్కినది, కొందరికి తేడా కనబడలేదు. పుండు శుభ్రపరచుట, చక్కెర అదుపు, కాలికి రక్తము చేరుచున్నదా అను పరీక్ష, ఇవి ముందు. గది ఆ తరువాత. “నా పుండుకు దీనివలన ఏమి ఆశింపవచ్చును? ఎన్నిసార్లకు తెలియును? ఫలము లేనిచో ఎప్పుడు మానవలెను?” అని వైద్యుని అడుగుడు. అడుగుట అమర్యాద కాదు.

భూమి కడుపులోనికి దిగిన మన పెద్దలు చీకటికి జంకలేదు. తెలిసిన దారి కనుక ధైర్యముండెను. ఈ గది విషయమున కూడ వారికి తెలుపుట మన వంతు. అందరికి ఉగాది శుభాకాంక్షలు. సెలవు.