ఒళ్ళు చేసిన ఆకలి

మనిషి లావెక్కితే చెప్పడానికి తెలుగులో రెండు మాటలున్నాయి. మనకు ఇష్టమైన మనిషైతే ‘కాస్త ఒళ్ళు చేసింది’ అంటాం. గిట్టని మనిషైతే ‘బలిసింది’ అంటాం. ఒకటి మెచ్చుకోలు, ఇంకోటి తిట్టు. రెండూ ఎదురెదురు మాటల్లా వినిపించినా వాటి కింద ఉన్న నమ్మకం ఒక్కటే: ఒళ్ళు వచ్చిందంటే ఆ ఇంట్లో తిండికి కొదవ లేదని. తరాల తరబడి కడుపు నిండని జనం నోట అలాంటి మాటలే పుడతాయి, అందులో తప్పేమీ లేదు. అయితే ఆ నమ్మకం ఇప్పుడు మన పిల్లలకు, ఆడవాళ్ళకు చెరుపు చేస్తున్నదని నేను వాదించబోతున్నాను. ముంబయి గ్రాంట్ రోడ్ చుట్టుపక్కల ఒంటిగది ఇళ్ళ చాళ్ళలో పసిపిల్లల ఒంటిమీద, ఎదిగే ఆడపిల్లల నడుము దగ్గర, తల్లుల పొట్ట చుట్టూ పేరుకుంటున్న కొవ్వు కలిమికి గుర్తు కాదు. అది ఆకలికి వ్యతిరేకమూ కాదు. ఆకలే వేషం మార్చుకుని మళ్ళీ వచ్చింది. రెంటినీ ఒకే జబ్బుగా చూస్తే తప్ప దేన్నీ నివారించలేం.

ఈ పేట, కామాఠీపురా, పుట్టుక నుంచే మొదలుపెడదాం. నిజాం ఏలుబడిలోని తెలంగాణ నుంచి పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి బొంబాయికి వలస వచ్చిన తెలుగు కూలీలు కామాఠీలు. వాళ్ళ పేరే ఈ గల్లీలకు వచ్చింది. బయటి ప్రపంచం కామాఠీపురా అనగానే ఒక్క వేశ్యావృత్తినే తలుచుకుంటుంది. ఈ ఊరి గోడలు లేపిన చేతులను తలుచుకునేవాళ్ళు తక్కువ. మగవాళ్ళు రాళ్ళు పేర్చారు, ఆడవాళ్ళు తట్టలు మోశారు. తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి, పద్మశాలీలు మగ్గాల దగ్గర చేరారు. 1982 జనవరిలో మొదలైన మిల్లు కార్మికుల సమ్మె తర్వాత ఆ బతుకూ కూలింది. ఇంటి బరువు ఆడవాళ్ళ మీద పడింది. వాళ్ళలో చాలామందికి దొరికింది కూర్చుని చేసే పని. చాటలో తునికాకు, పొగాకు పెట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, గోడకు ఒరిగి గంటల తరబడి బీడీలు చుట్టడం. ముత్తవ్వ రోజంతా తట్ట మోస్తే మునిమనవరాలు రోజంతా చాట ముందు కూర్చుంది. ఇద్దరిదీ కష్టమే. రెండో ఆమె వేళ్ళు అరిగిపోయాయి గానీ కాళ్ళు కదలలేదు. శ్రమ వేరు, కదలిక వేరు. ‘మా ఆడవాళ్ళు పొద్దస్తమానం పని చేస్తారు, వాళ్ళకు వ్యాయామం ఎందుకు’ అనేవాళ్ళు ఈ తేడా దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 24 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. అంతకు ముందు సర్వేలో ఇది 20.6 శాతం. మహారాష్ట్రలో 23.4, తెలంగాణలో 30.1, ఆంధ్రప్రదేశ్‌లో 36.3. తెలుగు రాష్ట్రాలు రెండూ దేశపు సగటు కన్నా చాలా పైన ఉన్నాయి. అదే సర్వేలో దేశపు ఆడవాళ్ళలో 18.7 శాతం మంది ఉండవలసిన దానికంటే సన్నగా ఉన్నారు, 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్ళలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే వయసువాళ్ళలో ఎత్తుకు మించిన బరువున్న పిల్లలు 2.1 శాతం నుంచి 3.4 శాతానికి పెరిగారు. ముంబయి సంగతికొస్తే, ఇక్కడి మునిసిపాలిటీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2021లో పెద్దల మీద చేసిన సర్వేలో 46 శాతం మంది అధిక బరువుతో తేలారు. అందులోనే 94 శాతం మంది రోజుకు తినవలసినన్ని పండ్లు, కూరగాయలు తినడం లేదని బయటపడింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఇది తిండి ఎక్కువైన ఊరు కాదు. తినవలసినది తక్కువై, తినకూడనిది ఆ ఖాళీని నింపిన ఊరు.

బక్కగా పుట్టిన బిడ్డే పెద్దయ్యాక లావు ఎందుకవుతుందన్న ప్రశ్నకు మన పక్కనున్న పుణెలోనే జవాబు దొరికింది. అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండ్‌లో పుట్టిన పిల్లలతో పోల్చి చూసింది. మన బిడ్డ సగటు బరువు 2.7 కిలోలు, అక్కడి బిడ్డది 3.5. బరువు అంత తగ్గినా చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. ఎక్కువగా తగ్గింది కండ. తల్లి కడుపులో తిండి చాలనప్పుడు బిడ్డ శరీరం కండను వదులుకుని కొవ్వును దాచుకుంటుంది. ముందు ముందు కరువే ఉంటుందని సిద్ధపడి పుడుతుంది. అలాంటి శరీరానికి తర్వాత చవక పిండి, చవక నూనె, చక్కెర అందితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. యాజ్ఞిక్ 2004లో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్‌తో కలిసి తమ ఇద్దరి శరీరాలనే ఉదాహరణగా ప్రచురించాడు. ఎత్తుకు బరువును లెక్కగట్టే సూచిక ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్ళకు అధిక బరువు హద్దును 25 దగ్గర కాక 23 దగ్గరే గీయాలని, ఆడవాళ్ళ నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని మన వైద్యులు చెప్పడం వెనక ఉన్నది ఇదే. చూపుకు సన్నగా ఉన్న కోడలు కూడా లోపల లావే కావచ్చు.

ఇప్పుడు చాల్‌లోకి వద్దాం. ఒక్క గది ఖోలీ, ఒక మూల గ్యాస్ పొయ్యి, తెల్లవారుజామున కొద్దిసేపు వచ్చే నల్లా, ఉదయాన్నే పనికి పరిగెత్తే తల్లి. రేషన్‌లో మనిషికి నెలకు అయిదు కిలోల బియ్యమో గోధుమలో వస్తాయి. ఆ ధాన్యం మన దేశాన్ని కరువు నుంచి కాపాడింది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ధాన్యం ఉచితమై, పప్పు, పాలు, ఆకుకూర, గుడ్డు కొనుక్కోవలసి వచ్చినప్పుడు కంచంలో ఏది పెరుగుతుందో తెలిసిందే. పొద్దున పిల్లాడి చేతిలో చాయ్, పావ్ పడతాయి. సాయంత్రం అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టో, పది రూపాయల చిప్సో, వడాపావో. అయిదు రూపాయలకు ఎక్కువసేపు కడుపు నింపేది ఏదని అడిగితే మన కిరాణా కొట్టులో గుడ్డు గెలవదు. నూనె సంగతి వేరే చెప్పాలి. నీతి ఆయోగ్ 2024 నివేదిక లెక్కన దేశంలో మనిషికి ఏడాదికి 19.7 కిలోల వంటనూనె ఖర్చవుతున్నది. భారతీయ వైద్య పరిశోధన మండలి చాలునన్నది 12 కిలోలు. ఇక ఆడవాళ్ళు చివర తింటారు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలేది ఏమిటి? ముక్కలు అయిపోయిన పులుసు, అడుగున అన్నం. అన్నం పారేయకూడదన్న మర్యాద ఆమెకు పుట్టింటి నుంచే వచ్చింది కాబట్టి ఆ మిగిలినదంతా ఆమె కడుపులోకే పోతుంది. ఆకలి తీరుతుంది, రక్తం పెరగదు, నడుము పెరుగుతుంది. ఒకే ఆడమనిషికి రక్తహీనత, స్థూలకాయం రెండూ ఎలా ఉంటాయని ఆశ్చర్యపడేవాళ్ళు ఆ గిన్నె అడుగు చూడాలి.

కదలిక విషయంలోనూ ఇంతే. 2022 నాటికి మన దేశపు ఆడవాళ్ళలో 57 శాతం మందికి, మగవాళ్ళలో 42 శాతం మందికి చాలినంత కదలిక లేదని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఈ తేడా బద్ధకంలో లేదు, చోటులో ఉంది. మన పక్కనే ఉన్న నాగ్‌పాడా సంగతి చూడండి. ఇరుకు సందుల మధ్య ఉన్న బాస్కెట్‌బాల్ కోర్టుల నుంచి దేశం తరఫున ఆడిన ఆటగాళ్ళు వచ్చారు. ఆ కుర్రాళ్ళు తిన్నదీ ఈ పేట తిండే. చోటు దొరికింది, నేర్పేవాళ్ళు దొరికారు, ఆటగాళ్ళయ్యారు. ఆడపిల్ల సంగతి? పన్నెండేళ్ళు నిండగానే ‘పెద్దదైంది’ అని గల్లీలోంచి లోపలికి పిలిచేస్తాం. పొగరుబోతు చూపుల భయం ఉన్న పేట ఇది, తల్లుల జాగ్రత్తను తప్పు పట్టలేం. కానీ సరిగ్గా ఎముక, కండ గట్టిపడే వయసులో ఆమెను పది అడుగుల గదిలో కూర్చోబెడుతున్నాం. ఏడాదిలో తొమ్మిది రోజులు, బతుకమ్మకు, ఈ గల్లీలు ఆడవాళ్ళ పాదాల కిందికి వస్తాయి. అప్పుడు అవ్వ, తల్లి, పిల్ల ఒక్క వలయంలో తిరుగుతారు. ఎవరూ తప్పు పట్టరు, ఎవరికీ భయం వేయదు. గల్లీలో చోటు ఉన్నదని, దాన్ని ఇవ్వాలన్న ఒప్పందమే మిగతా రోజుల్లో లేదని ఆ తొమ్మిది రోజులే సాక్ష్యం.

ఈ వాదనకు అభ్యంతరాలున్నాయి, అవి తేలికైనవి కావు. ఇంకా బక్కచిక్కిన పిల్లలు ఇంతమంది ఉండగా లావు గురించి మాట్లాడటం కడుపు నిండినవాళ్ళ ముచ్చట అంటారు. అవి రెండు వేర్వేరు పేటల సమస్యలైతే ఆ మాట నిజమయ్యేది. కానీ రెండూ ఒకే ఇంట్లో, తరచు ఒకే శరీరంలో ఉన్నాయి. అంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది: నోరు కట్టుకోవడం ఎవరి చేతుల్లో వాళ్ళకుంది, దీనికి సమాజాన్ని నిందించడమెందుకని. నిగ్రహానికి విలువ లేదని నేననను. అయితే ఒక్క తరంలో, ఒక్క దేశంలో, కోట్ల మంది ఆడవాళ్ళు ఒక్కసారిగా నిగ్రహం కోల్పోయారని నమ్మాలా? మారింది వాళ్ళ మనసు కాదు, వాళ్ళ చుట్టూ ఉన్న ధరలు, పనులు, చోట్లు. పైగా నింద వల్ల బరువు తగ్గిన దాఖలా లేదు. తరగతిలో అందరి ముందూ లావు అనిపించుకున్న పిల్ల ఆటల పీరియడ్‌కు దూరమవుతుంది, చాటుగా తింటుంది. మూడో అభ్యంతరం మనవాళ్ళకు ప్రీతిపాత్రమైనది: జొన్నరొట్టె, అంబలి, సజ్జలకు తిరిగి వెళ్తే చాలునని. ఆ తిండి మంచిదే, నాకూ దానిమీద గౌరవమే. కానీ ఆ తిండి వెనక రోజంతా నడిచిన కాళ్ళున్నాయి, రొట్టె కొట్టడానికి తీరికున్న చేతులున్నాయి. రెండు పనుల మధ్య నలిగే తల్లిని ఇంకో గంట పొయ్యి దగ్గర నిలబెట్టే సలహా నివారణ కాదు, ఇంకో చాకిరీ. జొన్నలు రేషన్ దుకాణంలోకి రావాలి, రొట్టె ఇంట్లో మగవాళ్ళూ కొట్టాలి. అప్పుడు మాట్లాడుకుందాం.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? లావెక్కిన తర్వాత కాదు, పుట్టిన తర్వాత కూడా కాదు. ఈ నగరపు మురికివాడల్లోనే 2006 నుంచి ఒక పెద్ద పరిశోధన జరిగింది. గర్భం రాకముందు నుంచి కాన్పు దాకా ఆడవాళ్ళకు రోజూ మామూలు తిండికి తోడు ఒక చిరుతిండి ఇచ్చారు. ఒక జట్టుకు ఆకుకూరలు, పండ్లు, పాలతో చేసినది, ఇంకో జట్టుకు పోషకాలు తక్కువైన కూరగాయలతో చేసినది. రెండో జట్టులో 12.4 శాతం మందికి గర్భంలో మధుమేహం వస్తే, మొదటి జట్టులో 7.3 శాతం మందికే వచ్చింది. సమోసా అంత చిరుతిండి చేసిన పని అది. గర్భంలో మధుమేహం ఉన్న తల్లికి పుట్టే బిడ్డ ముందు ముందు లావయ్యే ముప్పు ఎక్కువ కాబట్టి, ఇది రెండు తరాలకు ఒకేసారి వేసిన కంచె. అలాంటప్పుడు బడి భోజనంలో గుడ్డు గురించి జరిగే తగవును చిన్న తగవనుకోలేం. ఆంధ్రప్రదేశ్ బడుల్లో వారానికి అయిదు గుడ్లు పెడుతున్నారు. మహారాష్ట్ర ప్రభుత్వం వారానికి ఒక్క గుడ్డు మొదలుపెట్టి, 2025 జనవరిలో దానికి డబ్బు ఇవ్వడం మానేసింది. గుడ్డు తినని ఇళ్ళ పిల్లలకు వేరే పెట్టవచ్చు. తినే పిల్లల కంచంలోంచి తీసేయడానికి నాకు ఒక్క న్యాయమైన కారణం కనిపించలేదు.

బడి గేటుకు 50 మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువైన పదార్థాలు అమ్మకూడదని 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. నిబంధన మంచిది. కానీ ఈ గల్లీల్లో 50 మీటర్లంటే రెండు చాళ్ళు, నాలుగు దుకాణాలు, వాటిలో ఒకటో రెండో భర్త పోయిన ఆడమనిషి బతుకుతెరువు. ఆమె దుకాణం మూయించి పిల్లలను కాపాడామనుకోవడం నాకు సమ్మతం కాదు. ఉడకబెట్టిన శనగలు, వేరుశనగలు, అరటిపండు, గుడ్డు అమ్మితే మునిసిపాలిటీ ఆమెకు లైసెన్సు రుసుము తగ్గించవచ్చు. రంగునీళ్ళ కంపెనీ ఫ్రిజ్ ఉచితంగా ఇచ్చి దుకాణాన్ని తనవైపు తిప్పుకోగలిగినప్పుడు ప్రభుత్వం ఆపాటి చేయలేదా?

చివరగా, ఈ పేట ముందున్న అసలు అవకాశం. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ఆధ్వర్యంలో సుమారు 34 ఎకరాల కామాఠీపురాను కూల్చి మళ్ళీ కట్టబోతున్నారు. ఇళ్ళ చదరపు అడుగుల గురించి అందరూ అడుగుతున్నారు, అడగాలి కూడా. అయితే చాల్‌లో ఇవాళ మెట్లు ఎక్కడం ఉంది, పొడవాటి గ్యాలరీలో పిల్లల పరుగులున్నాయి, పక్కింటి కళ్ళ కాపలా ఉంది. టవర్‌లో లిఫ్ట్ ఉంటుంది, మూసిన తలుపు ఉంటుంది. ఆడపిల్లలు భయం లేకుండా ఆడే నేల, అంగన్‌వాడీ, దవాఖానా, వెలుతురున్న మెట్లు నక్షాలోనే లేకపోతే తర్వాత ఎవరూ చేర్చలేరు. పేట బతుకును చదివి దాని అవసరం చెప్పడం ఇక్కడ కొత్త కాదు. దేశంలో సామాజిక సేవకు మొదటి విద్యాలయం 1936లో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ నాయకత్వంలో మొదలైంది నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్‌లోనే, మనం కూర్చున్న చోటి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో. కూల్చడం మొదలవకముందే అక్కడి విద్యార్థుల్లా మనమూ గల్లీ గల్లీ తిరిగి లెక్క రాయవచ్చు: ఎంతమంది ఆడపిల్లలు, ఎక్కడ ఆడుతున్నారు, ఏ వయసులో మానేశారు. దానితోపాటు మునిసిపల్ బడుల్లో ఏడాదికి రెండుసార్లు ప్రతి పిల్ల ఎత్తు, బరువు, నడుము కొలవమని అడుగుదాం. తరగతిలో చదివి వినిపించకుండా, కాగితం మడిచి తల్లి చేతికే ఇవ్వమందాం. ఆ కాగితం మీద బరువు పక్కనే రక్తం అంకె కూడా రాయమందాం.