హునైన్ నేర్పిన పాఠం

సోదరులారా! హిజ్రీ 8వ సంవత్సరం. మక్కా విజయానంతరం 12,000 మంది సైన్యం హునైన్ లోయకు సాగింది. బద్ర్‌లో మనవారు మూడు వందల పైచిలుకే. ఈసారి సంఖ్యను చూసి కొందరు మురిసిపోయారు. వేకువజామున హవాజిన్ విలుకాండ్రు బాణాలు కురిపించగానే ఆ సంఖ్య అక్కరకు రాలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మాత్రం చలించలేదు. ఆయన పక్షాన పిలుపు వినబడగానే చెదిరినవారు మరలివచ్చారు. అల్లాహ్ విజయం ప్రసాదించాడు.

మనమూ గల్ఫ్‌లోని కుమారుని జీతాన్ని, బ్యాంకులోని పైకాన్ని లెక్కించుకొని నిశ్చింతగా నిద్రిస్తున్నాము. ఉద్యోగం పోయిందని ఒక్క ఫోను వస్తే నమాజులో సైతం మనసు నిలవదు. అప్పటివరకు మనం ఆనుకొన్నది ఎవరిని?

ఆనాడు ఆయుధాలు ధరించడం తప్పు కాదు. హృదయం సంఖ్యపై ఆనుకోవడమే తప్పు. కనుక శ్రమిద్దాము, పొదుపు చేద్దాము. భరోసా మాత్రం అల్లాహ్‌పైనే ఉంచుదాము. ఆమీన్.