పల్లె పోస్టాఫీసు లాభనష్టాలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పల్లె పోస్టాఫీసు నష్టాల్లో నడుస్తున్నదన్న మాట తపాలా శాఖలో పనిచేసిన మనకు కొత్త కాదు. సర్వీసులో చేరిన నాటినుంచీ వింటున్నదే. ఆ మాట ఎంతవరకు న్యాయమో నాలుగు ముక్కల్లో మనవి చేస్తాను.

1947లో దేశం మొత్తం మీద 23,344 పోస్టాఫీసులుండేవి. నేడు 1,64,000 పైచిలుకు ఉన్నాయి. అందులో నూటికి 90 పల్లెల్లోనే. ఇవి లాభం చూసుకొని తెరిచినవి కావు. కొత్త బ్రాంచి ఆఫీసు తెరవడానికి శాఖ పెట్టుకున్న నియమాల్లోనే, మామూలు పల్లెల్లో ఖర్చులో మూడో వంతు ఆదాయం వస్తే చాలునన్నారు. కొండ, గిరిజన ప్రాంతాల్లో నూటికి 15 వచ్చినా చాలునన్నారు. మిగతాది ప్రభుత్వమే భరించాలని తెలిసే తెరిచారు. ఊరికి రోడ్డు వేసి, బడి పెట్టి, లాభమెంత వచ్చిందని అడగం గదా!

మరి ప్రజలకు ఒరిగిందేమిటి? పాలమూరు కూలీలు బొంబాయి నుంచి పంపిన మనియార్డరు ఇంటి దగ్గరి ముసలివాళ్ళకు తిండిగింజలైంది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెలకు గల్ఫ్ నుంచి క్షేమ సమాచారం తెచ్చింది ఉత్తరమే. చదువురాని తల్లులకు దాన్ని చదివి వినిపించి, జవాబు రాసిపెట్టింది చాలాచోట్ల పోస్టుమేనే. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఆ కూలి డబ్బులు పోస్టాఫీసు ఖాతాల ద్వారా అందాయి. ఎందరో ఆడకూలీలకు తమ పేరుమీద పాస్ పుస్తకం రావడం అదే మొదలు.

2020 లాక్‌డౌన్‌లో బస్సులు లేక, బ్యాంకుకు పోలేక జనం ఇళ్ళలో ఉండిపోతే, పోస్టుమేన్ గుమ్మం ముందుకు వచ్చి వేలిముద్ర తీసుకొని, ఏ బ్యాంకు ఖాతాలోని డబ్బయినా చేతికిచ్చాడు. అదే ఏడాది నవంబరు నుంచి పెన్షనర్ల జీవన ప్రమాణ పత్రం కూడా కొద్దిపాటి రుసుముతో ఇంటివద్దనే తీసుకుంటున్నారు. మంచం దిగలేని మన పెద్దలకు దాని విలువ నేను చెప్పనక్కరలేదు.

ఈ భారం మోస్తున్నదెవరు? మన కాలంలో ఈ.డి. ఏజెంట్లని పిలిచినవారే, నేటి గ్రామీణ డాక్ సేవకులు. వీరివి సివిల్ పోస్టులేనని 1977లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా మనలా నెలనెలా పెన్షన్ వారికి లేదు. ఆఫీసుకు చోటు కూడా బ్రాంచి పోస్టుమాస్టరే చూపించాలి. భత్యం 4 గంటలకా, 5 గంటలకా అన్నది పని కొలతను బట్టి ఉంటుంది. పల్లె పోస్టాఫీసు నష్టంలో పెద్ద వాటా వీరే భరిస్తున్నారని నా అభిప్రాయం.

కాబట్టి సభ్యులకు రెండు మనవులు. మొదటిది: మనవడికి ఆర్.డి. అయినా, మనవరాలికి సుకన్య సమృద్ధి ఖాతా అయినా సొంత ఊరి బ్రాంచి ఆఫీసులోనే తెరిపించండి. పని పెరిగితే ఆ ఆఫీసు నిలుస్తుంది, అక్కడి ఉద్యోగి గంటలూ పెరగవచ్చు. రెండవది: మన డి.ఎ. గురించి, వైద్య సౌకర్యాల గురించి మహజరు రాసే ప్రతిసారీ, డాక్ సేవకుల పెన్షన్ కోరిక కూడా అందులో ఒక అంశంగా చేర్చాలి. వారు సంచి మోసి తెస్తేనే మన కౌంటర్లు నడిచాయి.