ఆటకు గిరి



అంతర్జాలమున మనుష్యులు ప్రతిదినము చేయు సంచారమునే పలువురు కలసి ఆడు ఆటగా మార్చిన వైనమును గూర్చి నేడు చెప్పదలచితిని. "ఇది పిల్లకాయల ముచ్చట, మనకేల?" యని కొందరికి తోచవచ్చును. కాని మిరపకాయల సొమ్ము బ్యాంకులో పడినదో లేదో సెల్‌ఫోనులో చూచుకొను రైతు మొదలుకొని, కూరగాయల బండి దగ్గర ఫోను చూపి పైకము చెల్లించు గృహిణి వరకు, నేడు అందరును తెలిసియో తెలియకయో ఇట్టి ఆటలలో పాల్గొనుచునే యున్నారు. కావున దీని స్వరూపమును పెద్దలు తెలిసికొనుట యుక్తము.

ముందుగా అంతర్జాల సంచారమనగా నేమో చెప్పెదను. 1989లో స్విట్జర్లాండులోని సెర్న్ అను పరిశోధనాలయమున పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ అను ఆంగ్లేయుడు, వేర్వేరు కంప్యూటర్లలోనున్న వ్రాతలను ఒకదానితో నొకటి ముడివేయు ఉపాయమును ప్రతిపాదించెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన ఆ పరిశోధనాలయమువారు దానిని రుసుము లేకుండ ఎవ్వరైనను వాడుకొనవచ్చునని ప్రకటించిరి. అటుపిమ్మట అది లోకమంతయు వ్యాపించెను. అందలి ఒక్కొక్క వ్రాతను పుట యందురు. పుటలను మనకు చూపు పరికరమునకు బ్రౌజరని పేరు. ఒక పుటనుండి మరియొక పుటకు పోవుట, ఒక వీథినుండి మరియొక వీథికి పోవుట వంటిది. గుంటూరు మార్కెట్ యార్డులో మిర్చి ధర యెంతయో చూచుట, రైలు టిక్కెట్టు కొనుట, మనుమరాలి పరీక్షాఫలితము తెలిసికొనుట, ఇవన్నియు ఆ వీథులలోని నడకలే.

అయితే ఆ పట్టణమున ఒక విచిత్రము కలదు. ఒకే వీథిలో ఒకే ఘడియయందు వేలకొలది జనము నడచుచున్నను ఒకరికొకరు కనబడరు. మన యూరి సంతలో నడచువానికి పది పలకరింపులు, రెండు పరిహాసములు, ఒక తగవు అయినను ఎదురగును. అంతర్జాలపు సంతలో ఎంత నడచినను నడకయే గాని తోడు లేదు. ఈ లోపమును చూచినవారిలో ఒకడు ఆటచేత దానిని తీర్పవచ్చునని తలచెను. ఆ కథ చెప్పుటకు ముందు మన యనుభవము నొకింత స్మరింతము.

పనిని ఆటగా మార్చుకొనుట మనకు క్రొత్త కాదు. 2022లో బాపట్ల జిల్లాలో చేరిన మా మార్టూరు ప్రాంతమంతయు ప్రత్తికిని మిరపకును పేరుపడిన నేల. ప్రత్తి తీయు కూలీలు "నీ సాలు ముందా, నా సాలు ముందా?" యని పందెము వేసికొందురు. మిరప కల్లములలో తాలుకాయలను ఏరుచు పొడుపుకథలు విప్పించుకొందురు. వీపు కాలుచున్నను ప్రొద్దు తెలియకుండ గడచును. ఇక పండితులు మాటలాడుటనే ఆటగా చేసిరి. తిరుపతి వేంకటకవులు ఊరూర చేసి ప్రసిద్ధిలోనికి దెచ్చిన అవధానమునందు అవధాని యొకడు, పృచ్ఛకులు పలువురు. ఒకడు సమస్య నిచ్చును. ఒకడు ఈ యక్షరము కూడదని అడ్డుపడును. అప్రస్తుతప్రసంగి యను నతడు పనిగట్టుకొని దారి తప్పింప జూచును. అడ్డంకి యున్నది కావుననే అది ఆట. ఈ మాటను జ్ఞప్తియందుంచుకొనుడు.

అమెరికాలో జస్టిన్ హాల్ అను నతడు కలడు. 1994లో, కళాశాల విద్యార్థిగా నున్నపుడే, తన నిత్యజీవితమును అంతర్జాలమున వ్రాయ మొదలుపెట్టి, ఆ పద్ధతికి ఆద్యులలో ఒకడని పేరు పొందెను. తరువాత దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆటల నిర్మాణమును అభ్యసించుచు, అచ్చట ఒక నూతనమైన ఆటను గూర్చి ఆలోచించెను. దానికి 'పాసివ్లీ మల్టీప్లేయర్ ఆన్‌లైన్ గేమ్' అని పేరు పెట్టెను. ఊరక తన పని తాను చేసికొనుచున్నను పలువురతో కూడి యాడుచున్నట్లే యగు ఆట యని దీని భావము. 2007లో మరి యిద్దరు సహచరులతో గేమ్‌లేయర్స్ అను సంస్థను స్థాపించి, 2008లో ఆ ఆటను సర్వజనులకు విడుదల చేసెను.

దాని నడక యెట్టిదనగా: ఆడగోరువాడు ఫైర్‌ఫాక్స్ అను బ్రౌజరునకు ఒక చిన్న పట్టీని తగిలించుకొనవలెను. ఆపైన తన పని తాను చేసికొనుచుండవచ్చును. అతడు చూచు పుటలనుబట్టి అతని ఖాతాలో పాయింట్లు పడుచుండును. ఆ పాయింట్లతో ఆటసామగ్రి కొనుక్కొనవచ్చును. మందుపాతరను కొని ఏదేని పుటయందు దాచినచో, తరువాత ఆ పుటకు వచ్చిన ఆటగానికి అది ప్రేలి పాయింట్లు పోవును. కవచము ధరించినవానికి నష్టము లేదు. ఉదారుడైనవాడు కానుకల పెట్టె నొకటి వదలి పోవచ్చును. తరువాత వచ్చినవానికి అది దక్కును. ఒక పుటనుండి మరియొక దూరపు పుటకు ద్వారము తెరచి యుంచవచ్చును.

ఇవి యన్నియు నొక యెత్తు, యాత్రలు మరియొక యెత్తు. తెలిసినవాడొకడు మంచి పుటలను వరుసగా పేర్చి, ఒక్కొక్కచోట నాలుగు మాటలు వ్రాసి, క్రొత్తవానిని చేయిపట్టి నడిపించునట్లు యాత్ర నొకదానిని కూర్పవచ్చును. ఊరికి వచ్చిన చుట్టమునకు గుడి, చెరువు, బడి చూపి వాని కథలు చెప్పినట్లన్నమాట. ఇట్లు పుటలు మారలేదు. వానిమీద ఒక కనబడని పొర పరచినట్లయ్యెను. పట్టీ లేనివానికి అది వట్టి పుటయే. పట్టీ యున్నవానికి అచ్చట మిత్రుని కానుకయో, చిలిపివాని పాతరయో కలదు. నడకకు తోడు దొరకెను.

ఈ ఆటను 2009లో 'ది నెదర్‌నెట్' అను క్రొత్త పేరుతో పిలిచిరి. కాని పట్టీని తగిలించుకొనుట సామాన్యులకు సులభము కాలేదు. దానివలన వచ్చు రాబడియు సంస్థను నిలుపుటకు చాలలేదు. కొద్దికాలమునకే సంస్థ మూతపడెను. హాల్ ఆ సంస్థ పుట్టుకను, పతనమును దాచక వ్రాసి, లోపలి పత్రములతో సహా లోకమునకు వెల్లడించెను. ఇది మెచ్చదగిన నడవడి.

ఆట పోయినది గాని ఆలోచన పోలేదు. మన యింటికే వచ్చినది. 2016లో మన దేశమున యూపీఐ యను చెల్లింపు పద్ధతి ప్రారంభమైన తరువాత, ఫోనుతో పైకము చెల్లించుట పల్లెలకును ప్రాకెను. 2019 దీపావళికి గూగుల్ పే వారు ఒక వేడుక జరిపిరి. దీపము, లాంతరు, పూవు, జుంకా, రంగవల్లి అను ఐదు బిళ్ళలను సేకరించినవారికి 251 రూపాయలు ఇత్తుమని ప్రకటించిరి. పైకము పంపినను, బిల్లు కట్టినను, బిళ్ళ దొరకవచ్చును. ఒకరికొకరు బిళ్ళలను ఇచ్చిపుచ్చుకొనవచ్చును. రంగవల్లి బిళ్ళ మిక్కిలి యరుదగుటచే దేశమంతట జనము "నీ దగ్గర రంగోలీ ఉన్నదా?" యని ఎరిగినవారిని, ఎరుగనివారిని అడిగిరి. చూచితిరా! పైకము చెల్లించుట యను నిత్యకృత్యము కొన్ని దినములు కోట్లజనుల ఆటయైపోయెను. అందు వినోదము కలదు, ఇరుగుపొరుగుల పలకరింపు కలదు. దానిని నేను నిందింపను.

కాని రెండింటికిని నడుమ నొక భేదము కలదు. హాల్ ఆటలో చేరువాడు తన యడుగులను లెక్కింపుడని తానై పట్టీ తగిలించుకొనెను. ఆడుచున్నానని వానికి తెలియును. వలదనుకొన్ననాడు పట్టీ తీసివేయును. నేడో, ఆట మన పనులలో ముందే కలిపివేయబడి యున్నది. ఒక దినము తెరువకున్న నీ వరుస తెగునని బెదరించునది ఒకటి. గీకి చూచిన బహుమానము రావచ్చునని యూరించునది మరియొకటి. లెక్కించువాడు కనబడడు. అడుగుజాడలను గుర్తుంచుకొను 'కుకీ' యను చిన్న గురుతును 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లి యను నతడు కల్పించెను. కొనదలచిన సరకుల బుట్టను గుర్తుంచుకొనుటకై పుట్టిన యా గురుతు, పిమ్మట ఎవడు ఎచ్చట తిరిగెనో, ఏమి కోరెనో తెలిసికొని వానికి తగిన వ్యాపార ప్రకటనలు చూపుటకు సాధనమయ్యెను. ఆడువాడు మనము, పంట కోసికొనువాడు వేరొకడు.

పంట అందరికిని దక్కు ఆటయు కలదని చెప్పకున్న అన్యాయమగును. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమయ్యెను. అది ఎవ్వరైనను చదువదగినది, ఎవ్వరైనను వ్రాయదగినది అగు విజ్ఞానసర్వస్వము. చదువవచ్చినవాడు ఒక తప్పు చూచి దిద్దును. మరియొకడు తన యూరి పుటలో నాలుగు పంక్తులు చేర్చును. ఎవరు ఎన్ని మార్పులు చేసిరో లెక్క కలదు. మంచి పనికి తోటివారు పతకములిచ్చుటయు కలదు. తగవులాడువారును, తప్పుదారి పట్టించువారును కలరు. ఆటకు వలసినవన్నియు ఉన్నవి. కాని ఆ లెక్క బహిరంగము. ఏ మార్పు ఏనాడు జరిగినదో ఎవ్వరైనను చూడవచ్చును. పండిన పంట ఉమ్మడి గాదెలో పడును. పని ఆటయగుట దోషము కాదనుటకు ఇదియే తార్కాణము.

మరి దోషమెచ్చట? పూర్వపు ఆటలను పరిశీలింపుడు. చెడుగుడునకు నడుమ గీత కలదు. కూత ఆగకముందే తిరిగి రావలెను. వైకుంఠపాళిలో నిచ్చెనలును పాములును ఎచ్చటనున్నవో ముందే కనబడును; ఆట ముగిసినపిదప పటమును చుట్టి దూలముపై పెట్టుదురు. గిరి గీసికొని ఆడుట మన సంప్రదాయము. భారతమున ధర్మరాజు జూదమున సర్వము నోడెను. అది యొక విపత్తు. పోయినదంతయు తిరిగి వచ్చిన పిమ్మట, మరల పిలిచినంతనే పోయి కూర్చుండెను. అది అంతకంటె గొప్ప విపత్తు. ఓడుటకంటె లేవలేకపోవుట ప్రమాదకరము. గిరి లేని యాటయందు లేచుటకు చోటే యుండదు.

పందెపు ఆటల విషయమున ప్రభుత్వములు మేల్కొన్నవి. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ రమ్మీ వంటివానిని 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించునట్లు డబ్బు ఆటలను నిషేధించు చట్టమును చేసెను. వ్యక్తుల వివరముల రక్షణకై 2023లో మరియొక చట్టము వెలువడెను. పదునెనిమిదేండ్లలోపు వారి వివరములను తలిదండ్రుల యనుమతి లేక వాడరాదనియు, వారి సంచారమును వెన్నాడరాదనియు అందు విధించిరి. దాని నిబంధనలు 2025 నవంబరులో ప్రకటింపబడి, దశలవారీగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటైనవి. కాని పైకము పందెము లేక, కాలమును, చూపును మాత్రము పందెముగా గొను ఆటలకు చట్టము గిరి గీయజాలదు. ఆ గిరిని ఇంటివారే గీయవలెను.

కావున పెద్దలకు నా మనవి యిది. మనుమడు ఫోను పట్టుకొన్నంతనే కసరవలదు. కసరినచో చాటునకు పోయి ఆడును. చెంత కూర్చుండబెట్టుకొని మూడు ప్రశ్నలడుగుడు. మొదటిది: "నాయనా! ఈ ఆటలో లెక్క వ్రాయువాడెవడు?" రెండవది: "ఆ లెక్క నీకు కనబడునా, వానికి మాత్రమే కనబడునా?" మూడవది: "ఇప్పుడు లేచి రమ్మన్న రాగలవా?" మూడింటికిని వాడు తడుముకొనక బదులు చెప్పినచో ఆడనిండు, వీలైన మీరును ఒక చేయి వేయుడు. బదులు చెప్పలేకపోయినచో ఇరువురును కలసి ఆలోచింపుడు. ఇవే ప్రశ్నలను మన ఫోనుల విషయమున మనమును వేసికొనవలెను. బహుమానమునకై అవసరము లేని చెల్లింపు చేయుచున్నామా, వరుస తెగునను భయముతో నిద్ర చెరచుకొనుచున్నామా యని చూచుకొనవలెను.

ఒంటరి నడకకు తోడు కల్పింపవలెనను కోరిక మంచిది. ఎరుగనివాని దారిలో కానుక వదలుట, క్రొత్తవానికి యాత్ర చూపుట మన పెద్దలు సత్రములు కట్టించి, చలివేంద్రములు పెట్టించిన బుద్ధికి దగ్గరి చుట్టములు. ఆ బుద్ధిని పిల్లలలో పెంపుడు. ఆటను ఆటగా ఉంచు గీతను మాత్రము చెరగనీయకుడు.

ఇంతటితో నా ప్రసంగమును ముగించుచున్నాను. స్వస్తి.