మరబోట్ల డీజిలు ట్యాంకులోని పాచి



ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మన తూర్పుతీరమున మరబోట్లు వేట మాని రేవున నిలిచియుండును. ఆ కాలమున వలలు బాగుచేసికొందుము, ఇంజనుకు మరమ్మతు చేయింతుము; డీజిలు ట్యాంకును మాత్ర మెవ్వరును తెఱచి చూడరు. సగము నిండిన ట్యాంకులోని తేమగాలి రాత్రి చల్లబడి, నీరై అడుగునకు దిగును. ఆ నీటియందు సూక్ష్మజీవులు వసించి, పైనున్న నూనెను తిని పెరుగును. వానిలో హార్మోకోనిస్ రెసినే అను బూజు ప్రసిద్ధము. రేవున బోటు కదలనంతకాలము ఈ నల్లని పాచి బయటపడదు. నడిసంద్రమున అలలు కుదిపినపుడు లేచి ఫిల్టరును మూయును; ఇంజను నిలిచిపోవును. అపుడు ప్రమాదమున పడువారు ఒడ్డుననున్న యజమానులు కారు, కూలికి పోయిన మన కళాసీలు.

మందు పోసిన చాలునని కొందఱందురు. మేమందుల కొప్పుకొనము. చచ్చిన పాచియు ఫిల్టరును మూయును గదా! ముందు అడుగునీరు దింపి, ట్యాంకు కడిగి, పిమ్మట మందు వాడవలెను. వేట మానిన నాడే ట్యాంకు నిండుగా నింపినచో తేమగాలికి చోటుండదు. అప్పుచేసి డీజిలు కొనువారికిది భారమే. వారు పక్షమున కొకసారియైన అడుగునీరు దింపుచుండవలెను.

జూన్ 15 వేకువకు ముందే అడుగునూనెను గాజుసీసాలో పట్టి చూడుడు. మసకగా నున్నను, నల్లని నలుసులు తేలినను, ఆ దినము బోటు విప్పకుడు.